నాలుగు మిల్లీమీటర్ల గీత

ముట్లుడిగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే, క్యాన్సరేమో తేల్చుకోవడానికి ఒకప్పుడు చేసేది ఒకటే: మత్తు ఇచ్చి గర్భసంచి లోపొరను గీకి తీయడం. 1840లలో ఫ్రెంచి వైద్యుడు రెకామియే తెచ్చిన క్యూరెట్ అనే గీకే పరికరం శతాబ్దానికి పైగా రాజ్యమేలింది. అది చూడకుండా, చేతి అంచనాతో చేసే పని. చాలామందిలో లోపలి గోడ సగమైనా గీకుడుకు అందడం లేదని 1975లో అమెరికా వైద్యులు తేల్చారు.

లోపలికి చూసే దారి గ్లాస్గోలో తెరుచుకుంది. లోహాల్లో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రంతో ప్రయోగాలు మొదలుపెట్టిన వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, తోటి వైద్యుడు మెక్‌వికర్, ఇంజనీరు టామ్ బ్రౌన్‌లతో కలిసి 1958లో 'లాన్సెట్'లో కడుపులోని గడ్డల చిత్రాలు ప్రచురించాడు. అయితే పొట్టమీద నుంచి చేసే స్కానింగులో లోపొర మసకగానే ఉండేది. 1980లలో యోని ద్వారా పెట్టే ప్రోబ్ వచ్చింది. గర్భసంచి దగ్గరపడడంతో ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు వాడే వీలు కలిగి, పొర మందం మిల్లీమీటర్లలో తెలిసింది.

1995లో నార్డిక్ దేశాల వైద్యులు ముట్లుడిగాక రక్తస్రావమైన 1,168 మందిని పరిశీలించారు. రెండు వైపుల పొర కలిపి 4 మి.మీ. మించనివారిలో ఒక్కరికీ క్యాన్సర్ కనబడలేదు. ఆ నాలుగు మిల్లీమీటర్ల గీత ఎందరినో అనవసరపు గీకుడు నుంచి కాపాడింది. గర్భసంచిలోకి సెలైన్ ఎక్కించి చూసే పద్ధతి, పాలిప్‌ను పొర అంతటా ఉన్న మందం నుంచి వేరుచేసింది. 2010లో ఐఈటీఏ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం స్కాన్‌లో కనిపించేవాటిని వర్ణించే ఉమ్మడి పదావళిని స్థిరపరిచింది.

గీతకు హద్దులున్నాయి. రొమ్ము క్యాన్సర్ మందు టమాక్సిఫెన్ వాడేవారిలో పొర ఉన్నదానికన్నా మందంగా కనబడవచ్చు. గర్భసంచి లోపొర క్యాన్సర్ వచ్చిన నల్లజాతి స్త్రీలలో దాదాపు పదిమందిలో ఒకరిని ఈ కొలత వదిలేయగలదని 2024 నాటి అమెరికా అధ్యయనం హెచ్చరించింది. పొర పలుచగా ఉన్నా రక్తస్రావం ఆగకపోతే బయాప్సీ తప్పదు.

నెలసరి వచ్చేవారికి ఈ గీత వర్తించనే వర్తించదు. వారిలో పొర మందం నెలలోనే మారుతూ ఉంటుంది. ఇది మనకు మరీ ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో అదే అత్యధికం. మందం ఎవరిని ఇంకా పరీక్షించాలో మాత్రమే చెబుతుంది. "పొర మందంగా ఉంది" అన్న ఒక్క మాటమీద గర్భసంచి తీయించుకోవద్దు. బయాప్సీ ఏం చెప్పిందని ముందు అడగండి.