వెర్తియేర్ పోరు పుట్టుపూర్వోత్తరాలు

విప్లవాల చరిత్ర చదివేవాళ్లకు బాస్టిల్ తెలుసు, యార్క్‌టౌన్ తెలుసు. వెర్తియేర్ పేరు విన్నవాళ్లు మాత్రం తక్కువ. బానిసలుగా బతికినవాళ్లు ఓ సామ్రాజ్యపు సేనను ఓడించి సొంత దేశం నిలబెట్టుకున్న చోటు అది. అలాంటి గెలుపు చరిత్రలో మరొకటి లేదు.

నేటి హైతీ అప్పట్లో ఫ్రాన్సు వలస, పేరు సేంట్ డొమింగ్. యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా అక్కడిదే. ఆ కాఫీ తోటల్లో, చెరకు తోటల్లో దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికా సంతతివాళ్లు కొరడా దెబ్బల కింద గొడ్డుచాకిరీ చేసేవారు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు, ఉత్తరాది చెరకు తోటలు తగలబడ్డాయి. 1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేయక తప్పలేదు.

నెపోలియన్ దాన్ని సాగనివ్వలేదు. 1801 చివర్లో తన చెల్లెలి భర్త లెక్లెర్‌ను పెద్ద సైన్యంతో పంపాడు. నల్లవారి నాయకుడు తూసాన్ లూవెర్త్యూర్‌ను మాట్లాడదాం రమ్మని పిలిచి బంధించారు. 1803లో ఆయన ఫ్రాన్సు కొండకోటలో ఖైదీగానే కన్నుమూశాడు. ఈలోగా గ్వాడెలూప్ దీవిలో బానిసత్వం మళ్లీ వచ్చిందన్న కబురు అందింది. అసలు మలుపు ఇదే అంటాను. అంతవరకు ఫ్రెంచివారి కొలువులో ఉన్న దెసాలీన్ వంటి సేనానులు కూడా తిరుగుబాటులో కలిశారు. పచ్చజ్వరం లెక్లెర్‌తో పాటు వేలమంది సైనికులను పొట్టన పెట్టుకుంది.

లెక్లెర్ తర్వాత వచ్చిన రోషంబో, నల్లవారి మీదికి ఉసిగొల్పడానికి క్యూబా నుంచి వేటకుక్కలు తెప్పించినవాడు. అతని తండ్రి యార్క్‌టౌన్‌లో అమెరికా విప్లవాన్ని గెలిపించిన ఫ్రెంచి సేనాపతి! తండ్రి వెంట కొడుకూ ఆ యుద్ధంలో ఉన్నాడు.

1803 నవంబరు 18. కాప్ నగరం వెలుపల వెర్తియేర్ కోట. దాన్ని లొంగదీయాలంటే పక్కనున్న షారియే గుట్ట ఎక్కాలి. ఎక్కే దారంతా కోట ఫిరంగుల ఎదుటే. దెసాలీన్ ఆ పని తన సేనాని కాపువాకు అప్పగించాడు. కాపువా దండు ఎక్కింది, చెదిరింది, శవాలను దాటుకుంటూ మళ్లీ ఎక్కింది. ఫిరంగి గుండు తగిలి అతని గుర్రం కూలింది. లేచి కత్తి దూసి నడిచాడు. తూటా తగిలి టోపీ ఎగిరిపోయింది. అయినా ఆగలేదు. ఆ తెగువ చూసి రోషంబో కాల్పులు ఆపించి, రౌతు ద్వారా అభినందనలు పంపాడని హైతీవాసులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత పోరు మళ్లీ మొదలైంది. సాయంత్రం జోరువాన కురిసేవేళకు గుట్ట నల్లవారి చేతిలో ఉంది. మర్నాడే రోషంబో నగరం ఖాళీ చేయడానికి ఒప్పుకున్నాడు.

1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. నవంబరు 18 అక్కడ నేటికీ జాతీయ పండుగ.

ఓడినవాళ్లు మాత్రం ఊరుకోలేదు. 1825లో యుద్ధనౌకలు తెచ్చి, తోటల యజమానులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నారు. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. విడుదలైన మనుషుల వెల కూడా అందులో ఉంది. అది కట్టడానికి చేసిన అప్పులు పూర్తిగా తీరింది 1947లో. ఆ సొమ్మును ఫ్రాన్సు హైతీకి తిరిగి ఇచ్చి తీరాలి.