గాయానికి పసుపు – ఒక పేటెంటు చరిత్ర

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, లౌడన్ కౌంటీలో ఆష్‌బర్న్ అనే ఊరున్నది. ఈనాడు అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. దానికి తూర్పున, అదే రాష్ట్రంలో పొటోమాక్ నది ఒడ్డున ఉన్నది ఆర్లింగ్టన్. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం అక్కడే ఉండేది. మన వంటింటి పసుపును గూర్చిన పెద్ద వివాదం ఆ కార్యాలయంలోనే తేలింది. తోటలలో పనిచేసిన కూలీల సంతతివారమైన మనకు ఆ చరిత్ర తెలిసి ఉండాలి.

పసుపు గొప్ప తెలుగువారికి వేరే చెప్పాలా? గడపకు రాసేది పసుపే, పెళ్ళికూతురికి పూసేది పసుపే, దెబ్బ తగిలితే అద్దేదీ పసుపే. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లు పసుపు వ్యాపారానికి పేరుమోసినవి. అయితే కోరంగి వంటి రేవులలో ఓడలెక్కి చెరకుతోటలకు వెళ్ళిన మనవారి వెంట వైద్యగ్రంథాలు రాలేదు. తల్లి కూతురికి చెప్పిన మాట మాత్రమే వచ్చింది.

1995 మార్చి 28న అమెరికా ప్రభుత్వం 5,401,504 నెంబరు గల పేటెంటును మంజూరు చేసింది. మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి చెందిన సుమన్ దాస్, హరిహర్ కోహ్లి అనే పరిశోధకులు దాన్ని కోరారు. గాయం మానడానికి పసుపును లోపలికి ఇవ్వడం, పైన పూయడం అనే పద్ధతిపై హక్కు అది. భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, డాక్టర్ ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వాన, 1996లో పునఃపరిశీలన కోరింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పరదేశంలోని వాడుక సాక్ష్యంగా చెల్లదు, అచ్చులో ఉండాలి. కోట్లాది ఇళ్ళలో జరిగే పని అయినా, "మా అమ్మమ్మ ఇలాగే పూసేది" అంటే సరిపోదు. అందువల్ల మండలివారు 32 ఆధారాలు వెతికి తెచ్చారు. వాటిలో సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథాలున్నాయి; భారత వైద్యసంఘం పత్రికలో 1953లో వచ్చిన వ్యాసమూ ఉన్నది. 1997 ఆగస్టులో పేటెంటు కార్యాలయం ఆ హక్కులను తోసిపుచ్చింది. తరువాత భారతదేశం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని ఆరంభించింది. 2009లో దాన్ని చూసే వీలు అమెరికా పేటెంటు కార్యాలయానికి కలిగింది. 2013 నుండి అమెరికా చట్టం కూడా మారి, అచ్చు కాకున్నా ఇతర దేశాలలో ప్రజలకు అందుబాటులో ఉన్న విజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకొంటున్నది.

అయితే ఒక సంగతి మరువరాదు. పసుపు గాయాన్ని మాన్పుతుందా అన్నది ఆ కార్యాలయం తేల్చలేదు. ఆ పద్ధతి కొత్తది కాదని మాత్రమే తేల్చింది. మాన్పే గుణాన్ని పరీక్షించవలసింది ప్రయోగశాలలోనే. పొటోమాక్ నదికి ఆవల, బెథెస్డాలోని సైనిక వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 1998లో ఒక పరిశోధన ప్రకటించారు. పసుపులోని కుర్కుమిన్ ఇచ్చినప్పుడు ఎలుకల, గినీపందుల గాయాలు త్వరగా పూడినట్లు అందులో తేలింది. కాని 2017లో వెలువడిన ఒక సమీక్ష కుర్కుమిన్‌పై మనుషులలో జరిగిన పరీక్షలను పరిశీలించింది. ఎవరికి ఏ మందు ఇచ్చారో రోగికీ వైద్యునికీ తెలియకుండా జరిపిన పరీక్షలలో ఏ ఒక్కటీ విజయవంతం కాలేదని ఆ సమీక్ష చెప్పింది. కనుక లోతైన గాయానికి పసుపు అద్ది ఊరుకోరాదు, వైద్యుని చూడాలి.

పసుపుకు గ్రంథాలు సాక్ష్యం పలికాయి. మన తోటలలో పెద్దలు వాడిన అనేక ఆకులకు, వేళ్ళకు అటువంటి సాక్ష్యం లేదు. తెలుగు మాట్లాడే ముసలివారు తగ్గిపోయినకొద్దీ ఆ పేర్లు కూడా పోతున్నాయి. మొక్క పేరు, వాడే భాగం, నూరే తీరు, వాడిన జబ్బు, ఈ నాలుగూ ప్రతి ఇంటివారు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచితే చాలు. నిజమెంతో పరీక్షలు తేలుస్తాయి. ముందు పరీక్షించడానికి ఆ మాట మిగిలి ఉండాలి గదా!