రాకపోకల చదువు

అమెరికా, సోవియట్ దేశాలు బద్ధవైరంతో ఉన్న రోజుల్లోనే, 1958 జనవరిలో, ఒకరి విద్యార్థులను మరొకరు ఏడాదిపాటు చదివించే ఒడంబడిక చేసుకొన్నాయి. తొలి విడతలోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళిన అలెగ్జాండర్ యాకొవ్లెవ్, మూడు దశాబ్దాల తరువాత గోర్బచేవ్ సంస్కరణలకు ముఖ్య సూత్రధారి అయ్యాడు. పరదేశవిద్య ఫలించడానికి కాలం పడుతుంది.

మన చిత్తూరు సీమలోనూ అటువంటి పరదేశవిద్య కథ ఒకటున్నది. 1880లో కట్టమంచిలో జన్మించిన రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జి చేరి, అక్కడి విద్యార్థుల వాదసభ అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షులైనారు. అయితే ఆయన ఘనత దొరల సభతో తీరలేదు. అక్కడ పదునెక్కిన విమర్శదృష్టితో పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను పరిశీలించి, 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించి పండితలోకాన్ని కదిలించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు.

కాని ఒక తేడా గమనింపదగినది. ఆ ఒడంబడికలో రాకపోకలు రెండూ ఉన్నాయి. మనకు దక్కింది పోక మాత్రమే. కేంబ్రిడ్జి విద్యార్థిని సూరనను చదువుకోవడానికి చిత్తూరుకు పంపే ఏర్పాటు ఆనాడు లేదు. పాలకుడు నేర్పాలి, పాలితుడు నేర్వాలి అన్నదే నాటి లెక్క.

నేడూ మన పిల్లలు వేల సంఖ్యలో విదేశాలకు వెళుతున్నారు. వారు ఆర్జించింది తెలుగుకు చేరినప్పుడే, ఇక్కడా నేర్వదగినది ఉన్నదని పరదేశి వచ్చి కూర్చున్నప్పుడే, అది ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది.