హై డెఫినిషన్ వీడియో టేపులు – ఫ్రేమ్ రేట్లు : చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు ముందుగా లేఖకుని అలవాట్లను గుర్తిస్తాడు. అరసున్నలు, శకటరేఫలు ఆ ప్రతిలో ఎలా రాశారో తెలియనిదే పాఠనిర్ణయం సాధ్యం కాదు. వీడియో టేపుకూ అటువంటి లేఖన పద్ధతి ఉంది. సెకనుకు ఎన్ని బొమ్మలు నమోదయ్యాయో తెలిపే ఫ్రేమ్ రేటు అందులో ముఖ్యమైనది. హై డెఫినిషన్ యుగంలో 1920×1080 చిత్రరూపంపై అంతర్జాతీయంగా అంగీకారం కుదిరినా, ఫ్రేమ్ రేటుపై కుదరలేదు. టేపుల పరిరక్షణలో నేడు ఎదురవుతున్న ఒక ప్రధాన సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

భేదానికి మూలం

ధ్వనిచిత్రాలకు సెకనుకు 24 ఫ్రేములు ప్రమాణంగా స్థిరపడ్డాయి. టెలివిజన్ మాత్రం విద్యుత్ సరఫరా పౌనఃపున్యాన్ని అనుసరించింది. 60 హెర్ట్జ్ గల అమెరికాలో 30, 50 హెర్ట్జ్ గల ఐరోపాలో 25 ఫ్రేములు వాడుకలోకి వచ్చాయి. భారతదేశం కూడా 25 ఫ్రేముల పద్ధతినే అనుసరించింది. 1953లో అమెరికా వర్ణ ప్రసార ప్రమాణాన్ని ఆమోదించినప్పుడు, రంగు సంకేతానికీ ధ్వని సంకేతానికీ మధ్య జోక్యాన్ని తగ్గించడానికి 30ని 29.97కు సవరించారు. సినిమాలోని 24 ఈ లెక్కలో 23.976 అయింది. 1986లో జపాన్ ప్రతిపాదించిన 1125 గీతల, 60 హెర్ట్జ్ పద్ధతి ప్రపంచ ప్రమాణం కాలేకపోవడానికి 50 హెర్ట్జ్ ఐరోపా దేశాల వ్యతిరేకత ప్రధాన కారణం.

టేపుపై నమోదు

సోనీ సంస్థ 1997లో అర అంగుళం టేపుపై హెచ్‌డీక్యామ్‌ను ప్రవేశపెట్టింది. తరువాత 24 ఫ్రేముల నమోదు కూడా అందులో చేరింది. 2002లో విడుదలైన ‘స్టార్ వార్స్’ రెండవ భాగాన్ని ఈ పద్ధతిలోనే చిత్రీకరించారు. ఇందులో ఫ్రేమ్ రేటు తగ్గితే టేపు నడక కూడా నెమ్మదిస్తుంది. అందువల్ల 30 ఫ్రేముల లెక్కన 124 నిమిషాలు పట్టే క్యాసెట్, 24 ఫ్రేముల లెక్కన 155 నిమిషాలు నడుస్తుంది. పానాసోనిక్ వారి వ్యారీక్యామ్ పద్ధతి ఇందుకు భిన్నం. టేపుపై ఎప్పుడూ సెకనుకు 60 ఫ్రేములే నమోదవుతాయి. వాటిలో అసలువేవో, పునరావృతాలేవో ప్రత్యేక గుర్తులు తెలుపుతాయి. ఆ గుర్తులను విస్మరించిన నకలులో పునరుక్తులు కూడా మూలపాఠంగా చెలామణి అవుతాయి.

పాఠభేదాలు

24కూ 23.976కూ గల తేడా స్వల్పంగా తోచినా, గంటకు 3.6 సెకన్లు అవుతుంది. ధ్వనిని వేరే వేగంతో జతపరిస్తే పెదవి కదలికకూ మాటకూ పొంతన తప్పుతుంది. 24 ఫ్రేముల చిత్రాన్ని 25 ఫ్రేముల వేగంతో నడిపితే 150 నిమిషాల నిడివి 144 నిమిషాలకు కుదించుకుపోతుంది. శ్రుతిని సవరించకపోతే గాయకుని స్వరం అర్ధస్వరంలో దాదాపు 70 శాతం పైకి జరుగుతుంది. అటువంటి ప్రతిని ఆధారంగా చేసుకొని పాట శ్రుతిని నిర్ణయించే సంగీత పరిశోధకుడు పొరపడక తప్పదు.

ముగింపు

2011 నాటి జపాన్ భూకంపం టేపుల ఉత్పత్తిని దెబ్బతీసి, ఫైలు ఆధారిత నమోదు వైపు మళ్లింపును వేగిరపరిచింది. 2016 మార్చితో సోనీ అర అంగుళం టేపు యంత్రాల అమ్మకాలను ముగించింది. యంత్రాలు అరుదవుతున్నకొద్దీ ఒక టేపును రెండవసారి నకలు చేసే అవకాశం సన్నగిల్లుతుంది. కాబట్టి టేపును ఫైలుగా మార్చేటప్పుడే మూల ఫ్రేమ్ రేటునూ, మార్పిడిలో వాడిన రేటునూ సూచికలో నమోదు చేయడం అవసరం. లేనిపక్షంలో మూలప్రతి నశించిన నాడు, నకలులోని దోషమే ప్రామాణిక పాఠంగా నిలిచిపోతుంది.