'భారత ప్రజలమైన మేము' - అందులో మా ఊరు ఉందా?

చిన్న మంగళారంలో జనవరి 26 అంటే మాకు జెండా, పిప్పరమెంట్లు. పీఠికలోని ఆ 'మేము'లో మా ఊరోళ్ళు ఉన్నారా అన్న డౌటు మాత్రం ఉద్యోగంలో చేరాకే వచ్చింది.

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న మొదలైంది. మద్రాసు రాష్ట్రం నుంచి ప్రకాశం, రంగా, దుర్గాబాయి వంటి తెలుగువాళ్ళు వెళ్ళారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అయితే ఏకంగా ముసాయిదా కమిటీలోనే ఉన్నారు. మరి మా చేవెళ్ళ వైపు నుంచి? ఎవరూ లేరు. మాది నిజాం రాజ్యం కదా. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయ్యాక కూడా హైదరాబాదు సభ్యులెవరూ అక్కడ కూర్చోలేదు.

1949 నవంబర్‌లో నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు, భారత రాజ్యాంగమే హైదరాబాదుకీ వర్తిస్తుందని. అధికారం ప్రజలదే అని చెప్పే పత్రం మాకు రాజుగారి ఆజ్ఞగా వచ్చిందన్నమాట! (మన భాషలో, రివ్యూ లేకుండా మెర్జ్ చేసిన కోడ్.) 1950 జనవరి 26న ఆయనే రాజప్రముఖ్ కూడా అయ్యాడు.

అలాగని అది మాది కాదంటే నేనొప్పుకోను. ఆ మాటకొస్తే ఆంధ్రలో కూడా, సభ్యుల్ని పంపిన శాసనసభకి 1946లో ఓటేసింది ఆస్తో, చదువో ఉన్న కొద్దిమందే. 326వ అధికరణం ఆ షరతులు తీసేసి, 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటిచ్చింది (18కి తగ్గించింది తర్వాతెప్పుడో, 1989లో).

1952లో హైదరాబాదు శాసనసభ ఎన్నికలు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. సంతకం రాని మా నానమ్మ కూడా వెళ్ళి ఓటేసొచ్చిందట. దొర ఓటెంతో ఆమె ఓటూ అంతే.