రిజిస్టరు దాచని అమ్మమ్మ



మత్తయి సువార్త మొదటి అధ్యాయం వచ్చేసరికి చదివేవాళ్ళ గొంతు వేగం పుంజుకుంటుంది. పేర్లే కదా అని గబగబా దాటేస్తారు. అయితే మరియ పేరు రాకముందే ఆ వరుసలో మత్తయి నలుగురు స్త్రీలను కూర్చోబెట్టాడు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. ఒకామె మామవల్ల బిడ్డల్ని కన్నది, ఒకామె యెరికో వేశ్య, ఒకామె మోయాబీయురాలు. నాలుగో ఆమెకైతే సొంత పేరు కూడా లేదు, భర్త పేరుతోనే చెల్లిపోయింది. మన ఇళ్ళల్లో పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు ఇలాంటి అమ్మమ్మ ఉందని ఎవరైనా నోరు విప్పుతారా?

అలా నోరు విప్పకుండా ఒక జాతి జాతంతా దాచుకున్న అమ్మమ్మ గురించి ఈసారి రాయాలనుకున్నాం. ఆమె ఊరు దక్షిణాఫ్రికా కొస, కేప్ తీరం. మన మచిలీపట్నంలో వర్తకం చేసిన డచ్చి కంపెనీయే 1652 ఏప్రిల్‌లో అక్కడ దిగింది. ఓడలకు మంచినీళ్ళు, కూరగాయలు, మాంసం అందించే మజిలీ కావాలన్నది వాళ్ళ లెక్క. నాయకుడు యాన్ వాన్ రీబెక్. ఆ తీరంలో పశువులు మేపుకునే ఖోయిఖోయి జనం ఉన్నారు. వాళ్ళలో పదీ పన్నెండేళ్ళ పిల్ల క్రొటోవా. ఆమె మేనమామ ఆషుమాటో ఓడలవాళ్ళకు, తనవాళ్ళకు మధ్య మాట నడిపే మనిషి. ఆ పిల్లను వాన్ రీబెక్ ఇంట పనికి పెట్టుకున్నారు. ఆమెకు ఎవా అని పేరు పెట్టారు. మన బైబిల్లో అయితే హవ్వ.

పిల్ల చురుకైనది. డచ్చి నేర్చింది, పోర్చుగీసు నేర్చింది. అక్క ఒక పెద్ద తెగ నాయకుడి భార్య కావడంతో పశువుల బేరాలకైనా, సంధి మాటలకైనా కోటవాళ్ళకు ఆమే దిక్కయింది. తనవాళ్ళ దగ్గరికి పోయేటప్పుడు కోట దాటగానే డచ్చి బట్టలు విప్పి తోలు బట్టలు కట్టుకునేదని వాన్ రీబెక్ దినచర్య పుస్తకంలో రాశారు. అటువాళ్ళు ఇటు మనిషివన్నారు, ఇటువాళ్ళు అటు మనిషివన్నారు. రెండు పక్షాల మాట మోసేవాళ్ళను రెండు పక్షాలూ నమ్మకపోవడం మన ఊళ్ళల్లోనూ చూస్తూనే ఉన్నాం.

1662లో కోటలోని చర్చిలో ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఆమె జనంలో బాప్తిస్మం పొందినట్టు అక్కడి చర్చి రాతల్లో కనిపించే మొదటి మనిషి ఆమే. 1664లో కంపెనీ వైద్యుడు, డెన్మార్కువాడు పీటర్ వాన్ మీర్‌హాఫ్‌తో క్రైస్తవ పద్ధతిలో పెళ్ళయింది. మరుసటి ఏడు అతన్ని రాబెన్ ద్వీపానికి అధికారిగా వేశారు. తరువాత బానిసలను తెచ్చే యాత్రమీద మడగాస్కర్ పోయి అక్కడ చంపబడ్డాడు. అప్పటికామెకు పాతికేళ్ళు నిండాయో లేదో. పసిబిడ్డలతో విధవ అయింది.

ఆ తరువాత కథ చెప్పడం కష్టం. తాగుడు పట్టుకుంది. 1669లో ఆమెను పట్టి రాబెన్ ద్వీపానికే ఖైదీగా పంపారు. బిడ్డల్ని వేరే ఇంట పెట్టారు. తిరిగి వచ్చింది, మళ్ళీ పంపారు, అలాగే చాలాసార్లు. పొగాకు, రాగి, సారాయి ఇచ్చి ఆమె జనం పశువుల్ని కొన్నవాళ్ళే ఆమె తాగుడుకు తీర్పు తీర్చారన్న సంగతి మరచిపోకూడదు. 1674 జూలైలో ఆమె చనిపోయింది. ఆ రోజు కోట దినచర్య రాసిన గుమాస్తా సామెతలు 26:11లోని కుక్క పోలికను తెచ్చి ఆమెకు అంటగట్టాడు. దైవసేవలో ఉన్న మాకు అది చదివితే మనసు కలుక్కుమంది. ఆ వాక్యం మూఢుణ్ణి గురించి చెప్పింది, బిడ్డల్ని లాక్కోబడిన తల్లిని గురించి కాదు. వాక్యం తెలిసినవాడి చేతిలోనే వాక్యం రాయిగా మారడం కొత్తేమీ కాదు. అంత రాసినా, ఆమెను పాతిపెట్టింది మాత్రం కోటలోని చర్చిలోనే. బాప్తిస్మం పొందిన మనిషి కదా, కాదనలేకపోయారు.

ఇక్కడినుంచి వంశావళి మొదలవుతుంది. ఆమె కూతురు పీటర్నెల్లాను, కొడుకు సాలొమోనును 1677లో మారిషస్ పంపారు. అప్పుడది డచ్చివాళ్ళ దీవి. అక్కడ పీటర్నెల్లా డానియేల్ జాయ్‌మన్ అనే డచ్చివాణ్ణి పెళ్ళాడింది. నలుగురు కొడుకులు, నలుగురు కూతుళ్ళు. 1709లో ఆ కుటుంబం కేప్‌కు తిరిగి వచ్చింది. ఆ కూతుళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిన ఇళ్ళు తరాలు గడిచేకొద్దీ తెల్ల ఆఫ్రికానర్ల పెద్ద పెద్ద వంశాలైపోయాయి. ఇంటిపేరు మారితే అమ్మమ్మ కనపడదు. కూతురి వైపు లెక్క పట్టుకోవాలంటే ప్రతి తరంలోనూ ఆగి, ఈమె ఎవరింటి ఆడపడుచు అని అడగాలి. మన దగ్గరా అంతే. ఏడు తరాల తాతల పేర్లు చెప్పే పెద్దమనిషిని నాయనమ్మ పుట్టినూరు అడగండి, తడుముకుంటాడు.

ఈలోగా అక్కడి చర్చి ఏం చేసింది? 1857లో డచ్చి రిఫార్మ్‌డ్ చర్చి సినడు, తెల్లవాళ్ళలో కొందరి బలహీనతను బట్టి, నల్లవాళ్ళకు వేరే ఆరాధన పెట్టవచ్చని ఒప్పుకుంది. ప్రభువు బల్ల రెండైంది. 1949లో తెల్లవాళ్ళు ఇతరులను పెళ్ళాడరాదని చట్టమే వచ్చింది. రక్తం శుద్ధమైనదన్న నమ్మకం మీద ఒక దేశాన్ని కట్టారు. ఎజ్రా 2:62లో వంశావళి పుస్తకంలో పేరు దొరకక యాజకత్వం నుంచి తొలగింపబడిన వాళ్ళున్నారు. వీళ్ళూ అలాంటి పుస్తకమే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అయితే తమ పుస్తకాన్ని తామే పూర్తిగా చదవలేదు.

చదివినవాళ్ళు కొందరున్నారు. 1971లో హీసే అనే పరిశోధకుడు ఆఫ్రికానర్ల పుట్టుక మీద పుస్తకం రాస్తూ, వాళ్ళ పూర్వికుల్లో ఇంచుమించు 7 శాతం ఐరోపావాళ్ళు కారని లెక్క కట్టాడు. ఆ 7 శాతంలో ఖోయిఖోయి స్త్రీలున్నారు, బంగాళం నుంచీ మన కోరమాండల్ తీరం నుంచీ ఓడల్లో ఎక్కించిన బానిస స్త్రీలున్నారు. వాళ్ళకు ఇంటిపేరు లేదు. ఫలానా బంగాళం, ఫలానా కోరమాండల్ అని ఎక్కడినుంచి తెచ్చారో అదే పేరు పక్కన రాసుకున్నారు. ఈ లెక్కలకు ఆధారాలు ఎవరో శత్రువులు దాచినవి కావు. చర్చి పాస్టర్లు స్వహస్తాలతో రాసిన బాప్తిస్మాల, వివాహాల రిజిస్టర్లే. రిజిస్టరుకు మొహమాటం ఉండదు.

క్రొటోవా మనుమల వరుసలో ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్‌ను, ప్రధానమంత్రి జాన్ స్మట్స్‌ను, అధ్యక్షుడు డి క్లర్క్‌ను వంశ పరిశోధకులు చూపిస్తారు. నెల్సన్ మండేలా 18 ఏళ్ళు ఖైదీగా ఉన్న దీవి పేరు అందరికీ తెలుసు, రాబెన్ ద్వీపం. ఆయనను 1990లో విడుదల చేసింది ఈ డి క్లర్కే. ఆయన అమ్మమ్మల అమ్మమ్మ ఖైదీగా ఉన్నదీ ఆ దీవిలోనే.

మితిమీరిన వంశావళుల జోలికి పోవద్దని పౌలు తిమోతికి రాశాడు కదా (1 తిమోతి 1:4), మరి మీరెందుకు ఇదంతా రాశారని కొందరు అడగవచ్చు. గొప్ప చెప్పుకోవడానికి వెతికే వంశావళిని గురించి ఆయన రాసింది నిజమే. మత్తయి రాసింది ఇంకో రకం. మన సంఘాల్లో కూడా పాత మిషను రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. అందులో బాప్తిస్మపు పేరుకు ముందు పాత పేరు, పేట పేరు ఉన్నాయి. అవి చూపిస్తే మన కులం బయటపడుతుందని పేజీలు మూసేసే విశ్వాసులను మేము ఎరుగుదుం. ప్రభువు బల్ల దగ్గర పేటను బట్టి వరుసలు కట్టే ఊళ్ళనూ ఎరుగుదుం.

పీటర్నెల్లా మాత్రం తల్లిని మూసేయలేదు. నలుగురు కూతుళ్ళలో ఒకదానికి ఎవా అని పేరు పెట్టుకుంది.