ఎంత ర్యాంకుకు సీటొస్తుంది?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు నాలుగు. రెండు మద్రాసు నగరంలో, ఒకటి విశాఖపట్నంలో, ఒకటి గుంటూరులో. అన్నింటికీ కలిపి ఏడాదికి 330 సీట్లు. బయటి రాష్ట్రాలవాళ్లకు 17, ప్రభుత్వం తన విచక్షణతో ఇచ్చుకోవడానికి 12 పోగా, మిగిలినవాటిని పద్నాలుగేసి చొప్పున విడగొట్టేవారు. ప్రతి పద్నాలుగులో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. దీనికే కమ్యూనల్ జీవో అని పేరు. గుంటూరు కుర్రాడికి ఎన్ని మార్కులొచ్చినా అవి తన వాటాలోని వాళ్లతో పోటీపడడానికే పనికొచ్చేవి.

ఈ జీవో మీద చంపకం దొరైరాజన్ అనే మహిళ కోర్టుకెక్కారు. నిజానికి ఆమె మెడికల్ సీటుకు దరఖాస్తే పెట్టలేదు. అయినా కేసు నిలబడింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది. ఆ వెంటనే జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది, 15(4) అధికరణ చేరింది, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం రాష్ట్రాలకు దక్కింది. రాజ్యాంగం తొలిసారి మారడానికి కారణమైన వివాదాల్లో మెడికల్ సీటు కూడా ఉందంటే, ఆ సీటు బరువెంతో తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తగాదా మరో రూపం తీసుకుంది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు మూడూ వేర్వేరుగా పీయూసీ పరీక్షలు పెట్టేవి. హయ్యర్ సెకండరీ చదివినవాళ్లు ఇంకోవైపు. ఒకచోటి 70 శాతం, మరోచోటి 70 శాతం ఒకటేనా? కాదనుకున్న ప్రభుత్వం ఎంబీబీఎస్‌కు ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెట్టింది. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక ఆధారంగా బీసీలకు ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా 25 శాతం రిజర్వేషన్ కూడా ఇచ్చింది. రెండింటినీ సవాలు చేసిన బలరాం కేసులో 1972లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన నిలిచింది. ప్రవేశ పరీక్ష చెల్లుతుంది, బీసీ రిజర్వేషన్ చెల్లుతుంది అంది. బోర్డులు వేరైతే కొలబద్ద ఒకటుండాలన్న ఆ వాదనే ఆ తర్వాత ఎంసెట్‌కూ, నీట్‌కూ పునాది అయింది.

ఈలోగా 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపేశాయి. వాటి ఫలితంగా 1973లో ఆరు సూత్రాల పథకం, 371డి అధికరణ, ఆపైన 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రం మూడు స్థానిక ప్రాంతాలైంది. కోస్తా జిల్లాలు ఆంధ్ర యూనివర్సిటీ పరిధి, రాయలసీమ, నెల్లూరు ఎస్వీ పరిధి, తెలంగాణ ఉస్మానియా పరిధి. ప్రతిచోటా 85 శాతం సీట్లు అక్కడి స్థానికులకే. స్థానికత తేల్చడానికి ఎక్కడ పుట్టారన్నదాని కన్నా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ముఖ్యమైంది. ఒకే ర్యాంకు తెచ్చుకున్న ఇద్దరిలో కర్నూలు పిల్లకు సీటు రావడం, కాకినాడ పిల్లకు రాకపోవడం, మరుసటి ఏడాది అది తిరగబడడం అప్పటినుంచీ మామూలైంది. పేపర్లలో చివరి ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు కులం గడితో పాటు ఏయూ, ఎస్వీయూ, ఓయూ గడులు వెతుక్కునే అలవాటు అలా వచ్చిందే.

1986లో ఎంసెట్ మొదలైంది, నిర్వహణ జేఎన్‌టీయూకు అప్పగించారు. అదే ఏడాది వైద్య కళాశాలలన్నింటినీ ఒక గొడుగు కిందికి తెస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. ర్యాంకు ఒకరిది, కౌన్సెలింగ్ మరొకరిది అన్నమాట. తెలుగు ఇళ్లలో బాగా గుర్తుండిపోయిన మెడిసిన్ పేపరులో 160 ప్రశ్నలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. తప్పుకు శిక్ష లేని పరీక్షలో పైవరుస మార్కులన్నీ ఒకేచోట గుమిగూడతాయి, ఒక్క మార్కు జారితే ర్యాంకు వందల్లో వెనక్కి పోతుంది. పరీక్ష రోజు పొద్దున్నే ప్రశ్నపత్రం సెట్ కోడ్ ఎంపిక ఒక తంతు. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు దగ్గరే ఆపేయడం, ఏడుస్తూ నిలబడ్డ పిల్లల ఫొటోలు మర్నాడు పేపర్లో రావడం ఇంకో తంతు. ఈ రెండోదాన్ని క్రమశిక్షణ పేరుతో ఇన్నేళ్లు భరించడం తెలుగు సమాజం చేసిన కఠినమైన పని.

ఆ మార్కు తేడాల మీదే కోచింగ్ వ్యాపారం పెరిగింది. నారాయణ సంస్థలు 1979లో నెల్లూరులో చిన్నగా మొదలయ్యాయి. శ్రీచైతన్య 1986లో, అంటే ఎంసెట్ పుట్టిన ఏడాదే, విజయవాడలో ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైంది. బైపీసీ పూర్తిచేసి సీటు రాని పిల్లలు హాస్టల్లో ఉండి మళ్లీ ఏడాదంతా చదవడం ‘లాంగ్ టర్మ్’ అయింది. కాలేజీలో చేరలేదు, ఇంటి దగ్గరా లేదు, ఏం చేస్తోందంటే ‘లాంగ్ టర్మ్’ అంటే చాలు, ఊళ్లో అందరికీ అర్థమైపోతుంది. ఒకసారి కాకపోతే రెండోసారి, మూడోసారి కూడా. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీ 2001లోనే హెచ్చరించింది. ఆ తర్వాతా కమిటీలు వేయాల్సి వచ్చిందంటే మొదటి హెచ్చరిక ఎంతవరకు చెవికెక్కిందో ఊహించవచ్చు.

ర్యాంకు లేని డబ్బుకు వేరే దారి ఉండేది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేసినా, స్తోమత ఉన్న కుటుంబాలకు పక్కనే కర్ణాటక ఉండేది. అక్కడి ప్రైవేటు మెడికల్ కళాశాలలో ఏడాదికి 60 వేలు కట్టమన్నందుకు మీరట్ విద్యార్థిని మోహినీ జైన్ వేసిన కేసు 1992లో తేలింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మెడికల్, డెంటల్ కళాశాలలకు అనుమతులిచ్చిన తీరును హైకోర్టు తప్పుపట్టింది, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు ప్రైవేటు సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్‌గా విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఏర్పాటును రద్దు చేసింది. ఇప్పుడు ప్రైవేటు కళాశాలల్లో సగం కన్వీనర్ కోటా, 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై కోటా. ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురి ర్యాంకుల మధ్య లక్షల తేడా, ఫీజుల మధ్య లక్షల తేడా.

బీడీఎస్ కథ మొదటినుంచీ రెండో వరుసే. ఎంబీబీఎస్ తప్పితే బీడీఎస్, అదీ తప్పితే లాంగ్ టర్మ్, ఇదీ లెక్క. ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు కావడంతో పళ్ల వైద్యం ఇష్టపడి చేరేవాళ్లు ఎందరో, దిక్కులేక చేరేవాళ్లు ఎందరో పట్టిక చెప్పదు. 2020–21లో దేశవ్యాప్తంగా సుమారు 7 వేల బీడీఎస్ సీట్లు మిగిలిపోతే, అర్హతను 10 పర్సంటైల్ తగ్గించి భర్తీ చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది.

దేశమంతటికీ 15 శాతం సీట్ల కోటా 1980ల్లోనే వచ్చింది, దానికోసం సీబీఎస్‌ఈ ఏఐపీఎంటీ పెట్టింది. 371డి ఉన్నందున ఆంధ్రప్రదేశ్ అందులో చేరలేదు. తన సీట్లు ఇవ్వలేదు కాబట్టి తెలుగు పిల్లలకు ఆ కోటాలో సీట్లూ దక్కలేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ 2018లో గానీ అందులో చేరలేదు. మూడు దశాబ్దాల పాటు తెలుగు విద్యార్థి పోటీ చాలావరకు తన రాష్ట్రంలోనే జరిగింది.

దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్షగా నీట్ 2013లో ఒకసారి వచ్చి, ఆ జులైలోనే సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. 2016 ఏప్రిల్‌లో అదే కోర్టు మళ్లీ ప్రాణం పోసింది. మే నెలలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఆ ఒక్క ఏడాదికి రాష్ట్రాలకు వెసులుబాటిచ్చింది. తెలంగాణ జులై 9న ఎంసెట్–2 పెడితే పేపరు లీకైంది, రద్దయింది, సెప్టెంబరు 11న ఎంసెట్–3 రాయాల్సి వచ్చింది. మధ్యలో జులై 24న రెండో విడత నీట్. తప్పేమీ చేయని పిల్లలు ఒకే సీటు కోసం ఇన్నిసార్లు హాల్‌టికెట్ పట్టుకుని నిలబడ్డ ఆ ఏడాదిని మరిచిపోకూడదు. 2017 నుంచి నీట్ ఒక్కటే, తెలుగులోనూ రాయొచ్చు. ఎంసెట్‌లో మెడిసిన్ పోయింది, పేరు కూడా ఈఏపీసెట్‌గా మారింది.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఇక్కడ ఇప్పటికీ తల్లిదండ్రులు తడబడేది రెండు చోట్ల. జనరల్ కటాఫ్ 2024లో 162 అంటే అది కౌన్సెలింగ్‌కు అర్హతే, సీటు కాదు. రెండోది మార్కుల్ని ఏటికి ఏడు పోల్చుకోవడం. 2024లో 600 మార్కులకు దాదాపు 80 వేల ర్యాంకు వచ్చింది. 2025లో ఫిజిక్స్ పేపరు కఠినంగా రావడంతో దేశం మొత్తంలో 600 దాటినవాళ్లు పధ్నాలుగు వందల లోపే. ముందటేడు 600తో కన్నీళ్లు పెట్టుకున్న ఇంట్లోనే, తర్వాతి ఏడు అవే మార్కులైతే రాష్ట్రంలో ఏ కళాశాల కావాలంటే అది ఎంచుకునేవారు.

సీట్లూ పెరిగాయి. 2014లో తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కళాశాలలు అయిదు, పదేళ్లలో 34 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు మొదలయ్యాయి. కొత్త కళాశాల వచ్చిన ప్రతి ఏడాదీ చివరి ర్యాంకు కిందికి జరుగుతుంది, పాత పట్టిక పాతబడుతుంది.

స్థానికత మాత్రం ఇంకా తేలుతూనే ఉంది. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌లో ముగిసింది. వెంటనే తెలంగాణ జీవో 33 తెచ్చింది. ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే స్థానికులు. పుట్టి పెరిగిందంతా హైదరాబాదులోనే అయినా, ఇంటర్‌కు విజయవాడ కాలేజీలో చేరిన పిల్లలు ఒక్కసారిగా స్థానికేతరులయ్యారు. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు, కేసు అక్కడినుంచి సుప్రీంకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. తొమ్మిదో తరగతిలో బిడ్డను ఎక్కడ చేర్చాలన్న నిర్ణయం ఇప్పుడు మెడికల్ కౌన్సెలింగ్‌లో తొలి అడుగైంది.